వాడరేవు ఫొటో ఎక్కడుందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

చీరాల దగ్గరి వాడరేవులో తీసిన లైట్‌హౌస్ ఫొటో వేల ఫొటోల్లో కలిసిపోయింది. దాని పేరేమో ‘డీఎస్‌సీ0412’! అయినా కంప్యూటర్ చిటికెలో వెతికి ఇస్తుంది. ఎలా?

కెమెరా ప్రతి ఫొటో ఫైల్లోనూ ఒక చీటీ దాస్తుంది పిల్లలూ. తేదీ, సమయం, కెమెరా పేరు, జీపీఎస్ ఉంటే తీసిన చోటు కూడా అందులో ఉంటాయి. (కెమెరా గడియారం తప్పైతే చీటీ కూడా తప్పే!) 1995లో జపాన్‌లో పుట్టిన ఈ పద్ధతి పేరు ఎగ్జిఫ్. డిజికామ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ చీటీలన్నీ ముందే చదివి పట్టిక రాసుకుంటాయి. వెతికేది ఆ పట్టికలోనే.

మరి ‘పడవ’, ‘అమ్మమ్మ’ అని మనం పెట్టే గుర్తులో? అసలు చిక్కు ఇక్కడే. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని తమ పట్టికలోనే ఉంచుకుంటాయి. ఫొటోని వేరే కంప్యూటర్‌కి మారిస్తే అవి వెంట రావు. జాడీ కొత్తింటికి వెళ్లాక, అందులో ఏ పచ్చడుందో రాసిన పుస్తకం పాత వంటింట్లోనే ఉండిపోయినట్టు! అందుకే గుర్తుల్ని ఫొటో ఫైల్లోనే రాయగలిగేదాన్ని ఎంచుకోవాలి. ఉచితంగా దొరికే డిజికామ్, సెట్టింగ్స్‌లో చెబితే, అలాగే రాస్తుంది.