రైతుబిడ్డల దేహపోషణము: చక్కెరవ్యాధికి చిన్ననాడే అడ్డుకట్ట



నారుమడిలో బలము లేని నారును నాటి, పిదప నెంత యెరువు వేసినను పైరు తగినట్లు పిలకలు వేయదని మనకందఱకును దెలియును. పైరు విషయమున నింత జాగ్రత్త గల మనము బిడ్డల విషయమున మాత్రము “సన్నగ నున్నాడు, చురుకుగ నున్నాడు, వీనికి జబ్బేమి?” యని యూరకుండుచున్నాము. చక్కెరవ్యాధియు, రక్తపుపోటును, గుండెజబ్బును నలువది యేండ్లు దాటినవారికి, అందును పట్టణములలో కూర్చుండి తినువారికి మాత్రమే వచ్చునని పలువురి నమ్మకము. ఈ నమ్మకము సరియైనది కాదు. ఆ జబ్బులకు విత్తు చిన్ననాడే పడుచున్నది, పల్లెలలోను పడుచున్నది.

2016–18 సంవత్సరములలో భారత ప్రభుత్వము వారు దేశమంతటను పిల్లల పోషణమును గూర్చి యొక సమగ్ర పరిశీలనము జరిపించిరి. 10 మొదలు 19 ఏండ్ల ప్రాయము వారిలో నూటికి సుమారు 24 మంది యుండదగినదానికంటె బక్కగ నుండిరి. సుమారు 5గురు మాత్రమే అధికమైన బరువు గలవారు. అయినను నూటికి సుమారు 10 మందికి రక్తములో చక్కెర హెచ్చి, చక్కెరవ్యాధికి ముందు మెట్టున నుండిరని పరీక్షలో తేలెను. లావైనవారు 5గురు, చక్కెర హెచ్చినవారు 10 మంది! కావున బిడ్డ లావుగ లేనంతమాత్రమున భయము లేదనుకొనరాదు.

ఇది యెట్లు జరుగుచున్నదో తెలిసికొందము. మనము తినిన అన్నము జీర్ణమై చక్కెరగ మాఱి రక్తములో కలియును. అప్పుడు క్లోమమను గ్రంథి ఇన్సులిన్ అను రసమును విడుచును. ఆ రసము చక్కెరను కండలలోనికిని, కాలేయములోనికిని చేర్చును. ఇవియే మన దేహమునకు గాదెలు. అందులో కండలే పెద్ద గాదె. ఈ గాదె చిన్నదైనను, కదలిక లేక యెప్పుడును నిండియే యున్నను, క్రొత్తగ వచ్చిన చక్కెరకు చోటు చాలదు. కాలేయమునందు కొవ్వు పేరుకొనినచో ఇన్సులిన్ మాట చెల్లదు. క్లోమము మఱింత రసమును విడుచుచు, కొన్ని యేండ్లకు అలసిపోవును. అప్పుడు వ్యాధి బయటపడును. మనకు కనబడునది ఆనాడే గాని, మొదలైనది ఎన్నో యేండ్ల క్రిందటనే.

మన బిడ్డలకు ఈ గాదె పుట్టుకతోనే చిన్నదగుచున్నదని పూనా ప్రాంతపు పల్లెలలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారును, వారి తోడివారును కనుగొనిరి. వారి పరిశోధన 1993లో ఆరంభమైనది. ఆ పల్లెలలో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టను పట్టణపు శిశువుల బరువు 3.5 కిలోలు. మన శిశువులలో కండయు, కడుపులోని యవయవములును చిన్నవి. చర్మము క్రింది కొవ్వు మాత్రము ఆ మేరకు తగ్గలేదు. చూపునకు సన్నన, లోపల కొవ్వు. ఇట్టి బిడ్డ పెరిగి, పని లేక తీపి మాత్రము మెండుగ తినినచో, పొరుగుదేశపు బిడ్డకంటె ముందుగ జబ్బు పడును.

ఇందుకు ప్రతిక్రియ మన తెలుగు పల్లెలలోనే కనబడినది. 1987 మొదలు 1990 వఱకు జాతీయ పోషకాహార సంస్థ వారు హైదరాబాదు సమీపమున 29 గ్రామములను ఎన్నుకొనిరి. 15 గ్రామములలో గర్భిణులకును, బాలెంతలకును, 6 ఏండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా చిక్కుడు కలిపిన పిండితో ఉప్మా వండి ప్రతిదినము పెట్టించిరి. తక్కిన గ్రామములలో అది లేదు. 2003–05 నాటికి ఆ బిడ్డలు 13 మొదలు 18 ఏండ్లవారైరి. వారిలో 1,165 మందిని పరీక్షింపగా, ఉప్మా పెట్టిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు హెచ్చుగ నుండిరి. ఎత్తుకంటె ముఖ్యమైన దొకటి గలదు: వారి దేహము ఇన్సులిన్ మాటకు లోబడకుండుట నూటికి 20 పాళ్లు తక్కువగ నుండెను, రక్తనాళములును మెత్తగ సాగుచుండెను. 2008లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. తల్లికిని, పసిబిడ్డకును పెట్టిన యొక పళ్లెము ఆహారము పదునైదేండ్ల పిమ్మట లెక్కకు వచ్చినదన్నమాట.

ఇక మన యింట చేయదగిన పనులు.

మొదటిది, పళ్లెము. అన్నము కొండవలె, పప్పు గిన్నె యడుగునను ఉండుట మన యిండ్లలో సామాన్యము. కందులును, పెసలును పండించి, అన్నియు అమ్మివేసి, బిడ్డలకు తెల్లగ మరపట్టిన బియ్యమే పెట్టుట న్యాయము గాదు. బడిలో మధ్యాహ్న భోజనమునకు 6 మొదలు 8 తరగతులవారికి దినమునకు 30 గ్రాముల పప్పును, 75 గ్రాముల కూరగాయలును నియమింపబడినవి. రాత్రి మన యింటను అంతకు తగ్గకుండ చూడవలెను. మునగాకు, తోటకూర, గ్రుడ్డు, మజ్జిగ మనకు దుర్లభములు గావు. జొన్న, కొఱ్ఱ, రాగులయందు పీచు హెచ్చు. కాని రాగిజావలో దండిగ బెల్లము కలిపినచో ఆ మేలు చాలవఱకు పోవును. బెల్లమును చక్కెరయే.

రెండవది, సీసా. రంగునీటి సీసాలలో పెక్కింట 250 మిల్లీలీటర్లకు సుమారు 25 గ్రాముల పంచదార యుండును. 2,000 కెలోరీల యాహారము తిను బాలునికి దినమంతటికిని వేఱుగ కలిపిన పంచదార 50 గ్రాములు మించరాదనియు, 25 గ్రాములకు లోబడిన మఱియు మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. ఒక్క సీసాతోనే ఆ మేలైన పరిమితి తీఱిపోవుచున్నది.

మూడవది, ఆట. గాదె ఖాళీయైననే క్రొత్త ధాన్యము పట్టును. పరుగెత్తు కండ రక్తములోని చక్కెరను తానే లాగికొనును. 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషములు చెమట పట్టు ఆటయో, నడకయో కావలెను. బడి దగ్గఱగ నున్నచో మోటారుసైకిలుపై దింపక నడువనిండు. ఆటయనగా పురుగుమందు కొట్టు పొలములోనికి పంపుట గాదని జ్ఞాపకముంచుకొనవలెను.

నాల్గవది, నిద్ర. 6 మొదలు 12 ఏండ్లవారికి 9 నుండి 12 గంటలును, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటలును నిద్ర అవసరము. నిద్ర తగ్గిన దేహము ఇన్సులిన్ మాట సరిగ వినదు, ఆకలియు హెచ్చును. సెల్‌ఫోను రాత్రి పిల్లల పడకకు దూరముగ, పెద్దల గదిలో నుండుట మంచిది.

పరీక్షకు ఖర్చు లేని యుపాయ మొకటి గలదు. బిడ్డ యెత్తునకు సరిగ నొక త్రాడు కోసి, దానిని రెండుగ మడిచి, నడుము చుట్టు పెట్టి చూడుడు. కొనలు కలియనిచో, అనగా నడుము ఎత్తులో సగమునకు మించినచో, కడుపులో కొవ్వు చేరుచున్నదని యెఱుగుడు. మెడ వెనుక నల్లగ, మందముగ మఖమలువంటి మచ్చ యేర్పడి తోమినను పోనిచో అది మురికి గాదు. ఇన్సులిన్ చెల్లుబాటు తగ్గినదనుటకు గుర్తు కావచ్చును. బిడ్డను తిట్టక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి చూపింపవలెను. లావైన బిడ్డనైనను పస్తులుంచరాదు. ఎదుగు దేహమునకు పస్తు హాని.

మఱియొక హెచ్చరిక. బిడ్డ మాటిమాటికి దాహమని నీరు త్రాగుచు, మూత్రమునకు పోవుచు, దినదినము చిక్కిపోవుచున్నచో ఒక్కదినమును ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. అది క్లోమము ఇన్సులిన్ తయారుచేయజాలని వేఱొక జాతి చక్కెరవ్యాధి కావచ్చును. అది తిండివలన గాని, అలవాట్లవలన గాని వచ్చినది కాదు. ఇన్సులిన్ సూదియే దానికి ప్రాణాధారము. ఆకు పసరులతో కాలము గడిపిన ప్రాణాపాయము.

ఇందులో మన సంఘమునకును పని గలదు. సంఘపు దుకాణములో పొట్లాల చిరుతిండ్లకు బదులు వేయించిన వేరుసెనగలు, సెనగలు బిడ్డలకు అందుబాటు వెలకు ఉంచవచ్చును. సభలలో రంగునీటికి మాఱుగ మజ్జిగ పంచవచ్చును. విత్తనములు తెప్పించునపుడు తోటకూర, బచ్చలి, చిక్కుడు విత్తనములును తెప్పించి యింటింటికి పంచిన, పెరటిలో రెండు మడులు చాలును. గర్భిణులు అంగన్‌వాడీ యాహారమును తామే తినునట్లు అత్తలును, భర్తలును చూడవలెను. అది యింటిల్లిపాదికి పంచుకొను వస్తువు గాదు.

పంట పోయిన నొక యేటి నష్టము. మఱుసటి యేట తీర్చుకొనగలము. బాల్యము మాత్రము మఱల రాదు. కావున ఈ నెల సభకు వచ్చువారు తమ బిడ్డల నడుమునకు త్రాడు పెట్టి చూచి, పెరటికి కావలసిన విత్తనముల పట్టిక వ్రాసి తీసికొని రావలెనని కోరుచున్నాను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు