చింతకు కళ్ళెము

చితకును చింతకును నడుమ భేదము ఒక్క సున్న మాత్రమే యని మన పెద్దలు చమత్కరింతురు. చింత దేహమును దహించునని వారెఱుగుదురు. అది ఏ త్రోవను దహించునో తెలిసికొనుటకు మాత్రము ఆధునిక శరీరశాస్త్రము రావలసివచ్చెను. బోధనావృత్తిలో నున్నవారికి ఈ విషయము తెలియుట మిక్కిలి అవసరము. ఏలయన, తరగతిలో ఒక మూల మౌనముగా కుంగిపోవు బాలునిగాని బాలికనుగాని "సోమరి" యనియు, "మనోధైర్యము లేదు" అనియు ముద్రవేయుట మనకు సులభము. ఆ ముద్ర ఎంతవఱకు న్యాయమో విచారింతము.

1936లో హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియల్ నగరమునుండి 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసెను. చలి, గాయము, విషద్రవ్యము, అతిశ్రమ, వీనిలో దేనికి గుఱియైనను ఎలుకల దేహములు ఒకే తీరున స్పందించుచున్నవనియు, మూత్రపిండములపై టోపీలవలె అమరియుండు అధివృక్క గ్రంథులు ఉబ్బుచున్నవనియు ఆయన అందు తెలిపెను. నేడు మనము ఒత్తిడి యని పిలుచుదానిని గూర్చిన శాస్త్రచర్చకు ఆ లేఖయే నాంది.

ఆపద తోచగానే మెదడు అడుగునగల హైపోథాలమస్ పీయూషగ్రంథికి కబురంపును. పీయూషగ్రంథి అధివృక్క గ్రంథులకు కబురంపును. అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. కార్టిసాల్ మనకు శత్రువు కాదు. రక్తములో చక్కెరను పెంచి ఆపదను ఎదుర్కొనుటకు బలమిచ్చునది అదియే; తెల్లవారుజామున పెరిగి దేహమును పగటిపనికి సిద్ధపఱచునది అదియే. అయితే పరుగెత్తు గుఱ్ఱమునకు కళ్ళెము వలయును గదా! ఆ కళ్ళెమును బిగించునది ఏది? ఆశ్చర్యమేమనగా, కార్టిసాలే. అది తిరిగి మెదడును చేరి, "ఇక చాలు" అని చెప్పును. ఆ మాటను వినుటకు తగిన సాధనము మెదడు కణములలో నుండవలెను. ఆ సాధనమునకే గ్రాహకమని పేరు. గ్రహించునది గ్రాహకము, ఇంత సార్థకమైన పారిభాషిక పదము అరుదు.

ఈ గ్రాహకముల జాడను 1968లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున బ్రూస్ మెక్యూయెన్ బృందము కనిపెట్టినది. ఎలుకలలో కార్టిసాల్ పని చేయునది కార్టికోస్టెరోన్. అధివృక్క గ్రంథులు తీసివేసిన ఎలుకలకు రేడియోధార్మికత గల ఆ హార్మోనును ఎక్కించి చూడగా, అది మెదడులోని హిప్పోకాంపస్ అను భాగమున మెండుగా నిలిచియుండెను. చదివిన పాఠము జ్ఞప్తిలో నిలుచుటకు ఆధారమైన భాగమది. జ్ఞాపకము నెలకొన్న చోటనే ఒత్తిడికిని పీట వేయబడియున్నదన్నమాట!

1985లో హాలెండు దేశీయులు రూల్, డి క్లోట్ అనువారు ఈ గ్రాహకములు రెండు తెగలని విశదపఱచిరి. మొదటి తెగవి హార్మోనును సుమారు పదిరెట్లు గట్టిగా పట్టుకొనును. అందుచే ప్రశాంతసమయమందును అవి చాలవఱకు నిండియుండును. రెండవ తెగవి కార్టిసాల్ బాగుగా పెరిగినప్పుడే నిండును. "ఇక చాలు" అను ఆజ్ఞను వినుటలో ముఖ్యపాత్ర వీనిది. హార్మోనును పట్టిన గ్రాహకము కణకేంద్రమును చేరి, కొన్ని జన్యువులను మేలుకొలుపును, కొన్నింటిని నిద్రపుచ్చును.

ఈ వినికిడి మందగించిన నేమగును? తీవ్రమైన కుంగుబాటునకు లోనైన పలువురిలో కార్టిసాల్ అధికముగా నుండుట వైద్యులు చూచిరి. ఆరోగ్యవంతునకు రాత్రివేళ డెక్సామెథసోన్ అను కృత్రిమ హార్మోను నిచ్చినచో మఱునాడు అతని సొంత కార్టిసాల్ తగ్గిపోవును. తీవ్రమైన కుంగుబాటు గలవారిలో పలువురికి అట్లు తగ్గలేదని 1968లో బెర్నార్డ్ కారల్ మున్నగువారు ప్రకటించిరి. ఆజ్ఞ వెడలినది, వినువారు లేరు. ప్రమాదము తొలగినను దేహములో గంట మ్రోగుచునే యున్నది. అట్టివానితో "ధైర్యము తెచ్చుకొనుము" అని మాత్రమే చెప్పిన నేమి లాభము?

గ్రాహకముల సంఖ్య పుట్టుకతోనే స్థిరపడునా? ఈ ప్రశ్నకు సమాధానము మరల మాంట్రియల్ నుండియే వచ్చినది. పిల్లలను ఎక్కువగా నాకి లాలించు తల్లియెలుకల పిల్లలకు హిప్పోకాంపస్‌లో రెండవ తెగ గ్రాహకములు అధికముగా నుండుననియు, పెద్దవైన పిమ్మట అవి బెదరినను త్వరగా తేఱుకొనుననియు మైకేల్ మీనీ బృందము చూపినది. లాలన తక్కువైన తల్లికి పుట్టిన పిల్లను లాలించు పెంపుడుతల్లి ఒడిలో నుంచగా, అదియు తేఱుకొనుట నేర్చినది! తల్లి స్పర్శ గ్రాహకపు జన్యువుపై రసాయనికమైన గుర్తును మార్చుచున్నదని 2004లో ఆ బృందమే వెల్లడించినది. 2009లో, ఆత్మహత్యచే మరణించినవారి మెదళ్ళను పరిశీలింపగా, బాల్యమున హింసకు గుఱియైనవారిలో ఆ జన్యువు పని తగ్గియుండుట కనబడినది.

అయినను తొందరపడి సిద్ధాంతము చేయరాదు. కుంగుబాటు గలవారందఱిలోను కార్టిసాల్ పెరుగదు. పై డెక్సామెథసోన్ పరీక్ష ఇతర వ్యాధులలోను అట్టి ఫలితమే చూపుటచే, రోగనిర్ణయమునకు అది యొక్కటే చాలదని తేలినది. గ్రాహకమునే అడ్డగించు మిఫెప్రిస్టోన్ అను మందు పెద్ద పరీక్షలలో ఆశించిన మేలు చేయలేదు. వంశము, వియోగము, పేదఱికము, ఒంటరితనము, ఇవియు ఈ వ్యాధికి దారితీయును. ఒక్క తాళపుచెవితో తెఱచుకొను ద్వారము కాదిది.

కాని ఒక సంగతి నిశ్చయము. కుంగుబాటు సంకల్పలోపము కాదు. దేహమందును మూలములు గల వ్యాధి, చికిత్స గల వ్యాధి. రెండు వారములకు మించి నిద్ర, ఆకలి, ఉత్సాహము కోల్పోయిన విద్యార్థిని మందలింపక వైద్యుని కడకు చేర్చుట మన విధి. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సేవను 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను పొందవచ్చును. విద్యార్థులారా, మీకే అట్టి బాధ కలిగినచో దాచుకొనకుడు. జ్వరము వచ్చినదని చెప్పుటకు సిగ్గుపడము గదా! ఉపాధ్యాయులారా, మన మాటతో గ్రాహకమును మరమ్మతు చేయజాలము. కాని మన తరగతిలో బాలుడు బెదరక కూర్చుండునట్లు చేయుట మన చేతిలో నున్నది. చింతకు కళ్ళెము పడుటకు అదియు ఒక సాయమే.