వంటగట్టు మీది నల్లరాయి

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో గాని, విశాఖపట్నంలో గాని, కొత్త ఇల్లు పూర్తికావచ్చే రోజులలో ఒక దృశ్యం కనిపిస్తుంది. నలుగురు మనుషులు నిగనిగలాడే నల్లని పలకను నిలువుగా పట్టుకొని, ఆచితూచి అడుగులు వేస్తూ వంటగదిలోకి తీసుకువస్తారు. పడుకోబెట్టి మోస్తే పలక తన బరువుకు తానే విరిగిపోయే ప్రమాదం ఉంది!

ఒకప్పుడు మన ఇళ్ళలో వంట అంటే నేలమీద పొయ్యి, ఎదుట పీట. 1965లో కలకత్తాలో ఇండేన్ గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం ఆరంభమయింది. ఇలా గ్యాసు పొయ్యి ఒక్కొక్క ఊరికే వ్యాపించిన కొద్దీ ఇల్లాలు పీటపైనుంచి లేచి నిలబడింది, పొయ్యి గట్టెక్కింది.

ఆ గట్టుకు తొలుత అందివచ్చినది కడప బండ. కడప, కర్నూలు ప్రాంతాలలో దొరికే ఈ నల్లని సున్నపురాయి పొరలు పొరలుగా ఏర్పడింది. సుత్తి, ఉలి, గునపం ఉంటే చాలు, పొర వెంబడి పలకలుగా విడివడుతుంది. బొంబాయి, పూనా నగరాలలో సైతం వంటగట్టుకూ, దాని కింది గూళ్ళకూ, అలమారు అరలకూ ఈ బండనే వాడారు. అక్కడివారు దానిని నేటికీ ‘కడప్పా’ అనే పిలుస్తారు. ఒక జిల్లా పేరే రాతికి పేరయిపోయిందన్నమాట! అయితే సున్నపురాయికి పులుపు గిట్టదు. చింతపండు రసమో, నిమ్మరసమో ఒలికితే దానిపై మరక పడి మెరుపు పోతుంది.

గ్రానైటుకు ఈ బెడద లేదు. కాని అందులో విడదీయడానికి పొరలు లేవు. వజ్రపు పలుకులు పొదిగిన రంపాలు వచ్చాకనే అది చవకగా పలకలై సామాన్యుని ఇంటికి చేరింది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో లభించే ‘బ్లాక్ గెలాక్సీ’ దేశదేశాలకు ఎగుమతి అవుతోంది. నల్లని రాతిలో బంగారు చుక్కలుగా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి శిల. వ్యాపారం మాత్రం ఆ పేరును స్థిరపరచింది.

1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాత ఉత్తరాంధ్రనుంచి ఎందరో పనికోసం జంషెడ్‌పూర్‌కు తరలివెళ్ళారు. ఇనుప ఖనిజాన్ని కరిగించి బతికిన ఊరికి రాతిదుమ్ము చేసే కీడు తెలియనిది కాదు. ఆ జిల్లాలోనే, ముసాబనీ ప్రాంతంలో క్వార్ట్జ్ రాయిని పొడిచేసే కర్మాగారాలలో పనిచేసిన పలువురు కార్మికులు సిలికోసిస్‌కు బలయ్యారు. కంటికి కనబడనంత సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి వాటిని గట్టిపరుస్తుంది. ఆ నష్టాన్ని మాన్పే మందు లేదు.

రాతిపలకను పొడిగా కోసినప్పుడు లేచే తెల్లని మబ్బులో ఉండేది ఈ ధూళే. సున్నపురాయిలో సిలికా స్వల్పం, గ్రానైటులో హెచ్చు, కృత్రిమ క్వార్ట్జ్ పలకలలో 90 శాతానికి మించి ఉండవచ్చు. అందుకే ఆస్ట్రేలియా 2024 జూలై 1నుంచి ఆ కృత్రిమ పలకలను నిషేధించింది.

నివారణ కష్టమైనది కాదు. రంపం తిరిగే చోట ఎడతెగక నీరు పడితే ధూళిలో అధికభాగం బురదగా దిగిపోతుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు. సన్నని ధూళిని ఆపే మాస్కు అవసరం. రాయి రంగునూ, ధరనూ పదిసార్లు అడిగే ఇంటి యజమాని, నీళ్ళు పోసి కోస్తున్నారా అని కూడా ఒక్కసారి అడిగితే, ఆ గట్టుమీద వండిన అన్నం ఎవరి ఊపిరినీ బలిగొన్నది కాకుండా ఉంటుంది.