తాతయ్య సలహా

ఉచితంగా సలహాలు ఇవ్వడంలో ఉన్న సుఖం వయస్సు మళ్ళినవాళ్ళకే తెలుసు. ఆ సుఖానికి అలవాటుపడి, నేను మా మనవరాలి భుజం మీదికి తెచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, మరో తాతగారికి పనికి వస్తుందని చెబుతున్నాను.

కిందటి సంవత్సరం నేనూ, మా ఆవిడా అమెరికాలో డల్లాస్ దగ్గర ఉన్న మా అమ్మాయి ఇంట్లో అయిదు నెలలు ఉన్నాము. పన్నెండేళ్ళ మా మనవరాలు అక్కడ సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అది బేస్‌బాల్‌కు చెల్లెలు వంటి ఆట. 1887లో చికాగోలోని ఒక పడవల క్లబ్బులో, బాక్సింగు గ్లవ్వును బంతిలాగా చుట్టి కర్రతో కొట్టిన కాలక్షేపం నుంచి పుట్టింది. ఇప్పటి బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. మెత్తదనం పేరులోనే గాని బంతిలో లేదు!

మా పిల్ల పిచ్చరు. అంటే బంతి విసిరే మనిషి. 40 అడుగుల దూరం నుంచి, చేతిని గాలిమర రెక్కలాగా ముందునుంచి పైకి, పైనుంచి వెనక్కి, కిందికి ఒక పూర్తి చుట్టు తిప్పి, తుంటి పక్కన బంతి వదలాలి. అంతా రెప్పపాటు పని.

నేను గుంటూరులో కాలేజీ రోజుల్లో క్రికెట్ బౌలర్ని. ఇప్పుడు 15 డిగ్రీల సడలింపు ఇచ్చారు గాని, మా రోజుల్లో మోచెయ్యి వంచి విసిరితే దొంగతనం చేసినట్టే చూసేవారు. పిల్ల బంతులు పక్కకు పోతున్నాయి. చూస్తే మోచెయ్యి కొంచెం వంగుతున్నది.

"అదేనమ్మా తప్పు! చెయ్యి కర్రలాగా బిగించి తిప్పు" అన్నాను.

తాతయ్య మాట దానికి వేదం. పది రోజులు, రోజూ సాయంత్రం పెరట్లో నేను చెప్పినట్టే విసిరింది. బంతులు ఇంకా ఎత్తుగా పోయాయి. "ఇంకా బిగించు" అన్నాను.

పదకొండోనాడు మా ఆవిడ దాని తలకు నూనె రాసి జడ వేస్తున్నది. "చెయ్యి పైకెత్తి ఈ పాయ పట్టుకోవే" అంటే పిల్ల ఎత్తలేకపోయింది. గుచ్చి గుచ్చి అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అమ్మమ్మా, తాతయ్యతో చెప్పకు. ఆదివారం మాచ్ ఉన్నది. నా చోటు ఇంకొకళ్ళకు ఇచ్చేస్తారు. పైగా తాతయ్య చిన్నబోతాడు."

నేను పక్కగదిలోనే ఉన్నాను. ఆ చివరి మాటకు తల ఎత్తుకోలేకపోయాను.

డాక్టరు పరీక్షించి, భుజం ముందుభాగంలో కండ బెణికింది, ఏదీ తెగలేదు, మూడు వారాలు బంతి ముట్టుకోవద్దు అన్నాడు. కిందినుంచి విసిరే బంతి భుజానికి శ్రమ ఇవ్వదని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాని శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, ఈ గాలిమర విసురులో భుజం మీద పడే లాగుడు, బేస్‌బాల్ వాళ్ళు పైనుంచి విసిరేటప్పటి లాగుడుకు ఏమీ తీసిపోలేదు.

పిల్లకు నేర్పే కోచ్ ఒకావిడ. కాలేజీలో ఆడిన మనిషి. ఆవిడ ముందు నా నేరం ఒప్పుకున్నాను. కోప్పడలేదు. ఈ ఆటలో చెయ్యి వదులుగా ఉండాలనీ, మోచెయ్యి కొద్దిగా వంగి, ముంజెయ్యి తుంటిని రాసుకుంటూ కొరడాలాగా జాడించాలనీ చెప్పింది. చెయ్యి బిగిస్తే బరువంతా భుజమే మోయాలి.

"మరి బంతి పక్కకు ఎందుకు పోతున్నది?" అని అడిగాను.

ఆవిడ చేతివంక చూడనే లేదు. మట్టిలో పిచ్చరు నిలబడే చోటినుంచి బాటరు వైపు తిన్నగా ఒక గీత గీసి, బంతి లేకుండా పిల్లను అడుగు వెయ్యమన్నది. ఎడమకాలు గీత దాటి కుడివైపు అడ్డంగా పడింది. దానితో తుంటి చేతికి అడ్డం వస్తున్నది; చెయ్యి దాన్ని చుట్టుకుని పోవలసి వస్తున్నది. చేతిలో కనిపించిన తప్పు కాలిలో ఉన్నదన్నమాట!

మూడు వారాల తరువాత మళ్ళీ అక్షరాభ్యాసం. మొదట పది అడుగుల దూరంలో వల ముందు నిలబడి, తుంటి దగ్గర జాడింపు ఒక్కటే. తరువాత అర చుట్టు. ఆ పైన గీత మీద అడుగు. చివరకు పూర్తి చుట్టు. ఒకరోజు ఒక్క సంగతే. రెండోది చెప్పబోతే ఆవిడ నన్ను కళ్ళతోనే వారించేది. నాకు ఇచ్చిన ఉద్యోగం, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గ్లవ్వుతో బంతులు అందుకోవడం, రోజూ మొదలుపెట్టే ముందు "ఎక్కడైనా నొప్పిగా ఉందా తల్లీ?" అని అడగడం. మొదట్లో "లేదు" అని ఠక్కున అనేది. కొన్నాళ్ళకు, "ఇవాళ కొంచెం ఉంది తాతయ్యా" అని నిజం చెప్పింది. ఆ రోజు బంతులు సంచిలో పెట్టి ఇద్దరం ఐస్‌క్రీం తిన్నాము. నా కోచింగులో అదే మంచి రోజు.

మేము తిరిగి వచ్చే ముందు మాచ్‌లో రెండు ఇన్నింగ్సులు విసిరింది. గెలిచింది అవతలి జట్టే. ఇంటికి వచ్చి, అమ్మమ్మ ముందు కూర్చుని, రెండు చేతులూ హాయిగా పైకెత్తి జడ విప్పుకుంది.

ఇప్పుడు గుంటూరులో మా వీధి పిల్లలు సాయంత్రం క్రికెట్ ఆడుతుంటే అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. మొన్న ఒక కుర్రవాడి బంతులు పక్కకు పోతుంటే "ఒరే అబ్బాయీ" అంటూ లేచాను. లోపలినుంచి మా ఆవిడ దగ్గింది. మళ్ళీ కూర్చున్నాను.