ట్రాక్టరు బ్యాటరీ దిగిపోవుచున్నదా?

దమ్ము చేయునాడు పాత ట్రాక్టరు స్టార్టు కాకున్నచో కొత్త బ్యాటరీ కొనుటకు తొందరపడరాదు. దోషము ఛార్జింగులో ఉన్నచో కొత్తదియు దిగిపోవును.

ముందుగా ఇంజను ఆపి, డైనమో లేక ఆల్టర్నేటరు బెల్టును బొటనవ్రేలితో నొక్కవలెను. సుమారు అర అంగుళమునకు మించి క్రుంగినచో బిగించవలెను. సెంటినరీ కాలనీ వంటి గనుల ప్రాంతములో బ్యాటరీపై చేరు బొగ్గు దుమ్మును, కొనలపైని తెల్లని పొడిని శుభ్రపరచి, తీగలను బిగించవలెను.

పిమ్మట వోల్టుమీటరుతో చూడవలెను. నిండిన 12 వోల్టుల బ్యాటరీ ఇంజను ఆగియున్నపుడు 12.6 వోల్టులు, నడుచునపుడు సుమారు 14 చూపవలెను. నడుచునపుడు పెరగనిచో లోపము డైనమోలోనో, ఆల్టర్నేటరులోనో, రెగ్యులేటరులోనో కలదు. 15 దాటినచో రెగ్యులేటరును చూపించవలెను. సరిగా పెరిగియు మరునాటికి దిగినచో బ్యాటరీని పరీక్షింపించవలెను.

ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను తీయరాదు; ఆల్టర్నేటరు చెడిపోవును.