మైదానం వెనుక గుమాస్తాపని

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. రాష్ట్రమంతటికీ కలిపి ఆటల పోటీలు జరిపే ఆచారం ఆ రోజుల్లో ఉండి ఉంటే, దానిని మూడవదిగా తప్పక చేర్చి ఉండేవారు. పెళ్ళిలో మగపెళ్ళివారి విడిది ఒక్కటే. ఈ పోటీల్లో జిల్లాకొక విడిది, వచ్చినవారందరూ మగపెళ్ళివారే!

తమిళనాడులో జరుగుతున్న ముఖ్యమంత్రి కప్పు పోటీలనే తీసుకొందాము. 1992లో ఏర్పడిన రాష్ట్ర క్రీడాభివృద్ధి సంస్థ వీటిని నడుపుతున్నది. బడిపిల్లలు, కాలేజీ విద్యార్థులు, దివ్యాంగులు, ప్రభుత్వోద్యోగులు, సామాన్య ప్రజలు అని ఇందులో అయిదు తరగతులున్నాయి. తమిళులు సడుగుడు అనే మన చెడుగుడు మొదలుకొని వాలీబాలు, ఈత, చదరంగం, కర్రసాము వరకు ఎన్నో ఆటలు. 2023లో పేర్లు నమోదు చేసుకొన్నవారు 3 లక్షలకు పైగా ఉండగా, 2024లో ఆ సంఖ్య 11 లక్షలు దాటింది. ఫైళ్ళు మోయడమే వ్యాయామంగా గల మాబోటి గుమాస్తాలకు కూడా చోటు ఉన్నదంటే ఇంక చెప్పేదేమున్నది?

వీరిలో ఆటే జీవనాధారంగా బ్రతికేవారు బహు అరుదు. సోమవారం ఉదయం బడికో ఆఫీసుకో దుకాణానికో పోవలసినవారే అందరూ. నిర్వాహకులకు అసలు పరీక్ష అదే. జిల్లాలో గెలిచినవారిని ఏరి రాష్ట్ర పోటీలకు పంపుతారు. 2024 అక్టోబరులో ఆ చివరి పోటీలను చెన్నై, మధుర, కోయంబత్తూరు, తిరుచ్చి మున్నగు నగరాలకు పంచారు. అంతమందికి ఒక్క ఊళ్ళో పడకా, నీళ్ళూ, బస్సూ అమర్చడం ఎంత కష్టమో పుష్కరాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా అక్టోబరు మూడవ వారానికి ఈశాన్య ఋతుపవనం తలుపు తడుతుంది. కాబట్టి ఆరుబయలు ఆటలకు ఒక ఖాళీరోజు చేతిలో పెట్టుకోవలసిందే.

ఇప్పుడు చిన్న లెక్క ఒకటి వేద్దాము. తమిళనాడులో జిల్లాలు 38. మగవారి చెడుగుడుకు జిల్లాకొక జట్టు, జట్టుకు 12 మంది అనుకొంటే 456 మంది అవుతారు. ఓడిన జట్టు ఇంటికి అనే పద్ధతిలో ఆడిస్తే, ఆటకొక జట్టు తప్పుకొంటుంది గనుక 37 ఆటలతో పని తీరిపోతుంది. కాని 38 జట్లు 16, 32, 64 అనే వరుసలో ఇమడవు. అందుచేత మొదట 12 జట్ల చేత 6 ఆటలు ఆడించి, తక్కిన 26 జట్లను ఆడకుండానే రెండవ వరుసకు పంపవలసి వస్తుంది. ఈ పద్ధతిలో కనీసం 16 జట్లు ఒక్క ఆటతోనే మూట కట్టుకోవాలి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, నలభై నిముషాలు ఆడి, మళ్ళీ రాత్రి బస్సు ఎక్కడమన్నమాట.

రెండవ పద్ధతి ఉన్నది. జట్లను 8 గుంపులు చేసి (ఆరింటిలో అయిదేసి, రెండింటిలో నాలుగేసి) గుంపులో ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడితే 72 ఆటలు. గుంపులో మొదట నిలిచిన 8 జట్లకు మరి 7 ఆటలు. మొత్తం 79. రెట్టింపుకన్న ఎక్కువే! అయినా బెదరనక్కరలేదు. నాలుగు చోట్ల ఒకేసారి, ఆటకు గంట చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు ఆడిస్తే మొదటి పద్ధతికి రెండు రోజులు, దీనికి మూడు రోజులు. అంటే ఒక్క రోజు అదనంగా భోజనాలు, పడకలు, తీర్పరుల భత్యం, ఉద్యోగులకు ఒక రోజు సెలవు. ఆ ఖర్చుకు ఫలితంగా, అన్నిటికన్న బలహీనమైన జట్టు కూడా మూడు ఆటలు ఆడి, మొదటి రోజు చేసిన పొరపాటు రెండవ రోజు దిద్దుకొని పోతుంది. నా మటుకు నేను ఆ రోజు ఖర్చు దండుగ కాదంటాను. విడి పోటీల్లో మొదటి బహుమతి లక్ష రూపాయలు, రెండవది 75 వేలు, మూడవది 50 వేలు ఇచ్చారు. సంతోషమే. కాని ఆ మూడూ అందనివారే అందరికన్న ఎక్కువమంది. వారు ఏమి పట్టుకొని ఇంటికి పోతున్నారన్నదే పోటీ నడిపినవారి పనితనానికి కొలత.

అట్లాగే తీర్పరి సంగతి. ఆడే రెండు జిల్లాలకూ చెందనివాణ్ణి ఆ ఆటకు వేయాలి. ఇదీ బల్లమీద కూర్చుని ముందుగా చేయవలసిన పనే. మైదానంలో గొడవ లేచాక చేసేది కాదు. మద్రాసులో హెచ్. సి. బక్ 1920లో నెలకొల్పిన వై. ఎం. సి. ఎ. వ్యాయామ విద్యా కళాశాల నూరేళ్ళు దాటి శిక్షకులను తయారుచేస్తూనే ఉన్నది. ఓడినవాడు ఓటమిని సహిస్తాడు గాని అన్యాయాన్ని సహించడు.

ఇక ఆడపిల్లల మాట. పిల్ల పరుగులో మొదట వచ్చిందంటే తల్లి మురిసిపోతుంది. మరునాడే అడుగుతుంది: రాత్రి ఎక్కడ పడుకొంటారు? వెంట వచ్చే టీచరమ్మ ఎవరు? స్నానాల గదికి గడియ ఉన్నదా? తిరిగి ఏ బస్సుకు వస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకూ అచ్చువేసిన కాగితంలో జవాబు ముందే అందితే పిల్ల బయలుదేరుతుంది. లేకపోతే జిల్లాలో గెలిచిన ఆ పరుగు ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఆమె ఎందుకు రాలేదో ఏ రిజిస్టరులోనూ వ్రాసి ఉండదు.

తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు మరొక చిక్కు కూడా ఉన్నది. ఈ నాట పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెడతారు; మనము ఇంటిపేరు పెడతాము. బడి రిజిస్టరులో ఒక విధంగా, ఆధారు కార్డులో మరొక విధంగా పేరు ఎక్కిన పిల్లలు మన ఇళ్ళలో తక్కువేమీ కారు. దొంగ వయస్సు చూపి మరొకరి చోటు కాజేసేవారిని పట్టుకోవడానికి కాగితాలు గట్టిగా చూడవలసిందే, అందులో తప్పులేదు. అందువల్ల కాగితాలు సరిచూసుకొనే బాధ్యత మనదే.

మన సంఘాలవారు ఇందుకు పెద్దగా చందాలు వసూలు చేయనక్కరలేదు. తమిళం, తెలుగు రెండూ వ్రాయగలవారు ఇద్దరు, వేసవి సెలవుల్లో రెండు ఆదివారాలు సంఘ కార్యాలయంలో కూర్చుంటే చాలు. పిల్లల పుట్టినతేదీ పత్రాలు, పేర్లు సరిచూసి, దిద్దవలసినవి దిద్దించి, నమోదు ఎట్లా చేయాలో తల్లిదండ్రులకు చెప్పవచ్చు. కర్ణాటక, ఒడిషా, మహారాష్ట్రలలో ఉన్నవారు కూడా తమ తమ రాష్ట్రపు పోటీల నిబంధనలు తెప్పించుకొని ఇదే పని చేయవచ్చు. పరుగెత్తడం పిల్లల వంతు. వారిని గీత దగ్గరకు సకాలంలో చేర్చడం పెద్దల వంతు.