పాలపిట్టను ఫొటో తీయుట ఎట్లు?

హైదరాబాదు నుండి బీజాపూరునకు పోవు రహదారిపై మొయినాబాదు, చేవెళ్ల ఉన్నవి. దారికి ఇరువైపుల ముసలి మర్రిచెట్లు. వాటి వెనుక చేలు, కూరగాయల తోటలు, బీడుభూములు. మొయినాబాదు ప్రాంతమునకు ఒక ప్రక్క 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగర్, మరియొక ప్రక్క 1927 నాటి హిమాయత్‌సాగర్ జలాశయములు. మర్రిపండ్లకు గోరువంకలు, నీటికి కొంగలు, బీటికి తీతువులు వచ్చును. కరెంటు తీగలపై పాలపిట్ట కూర్చుండును.

దసరానాడు మనము చూడగోరు ఈ పాలపిట్టను మామూలు కెమెరాతో ఫొటో తీసినచో, చిత్రములో ఒక చుక్క మాత్రమే కనిపించును. కారణమేమి?

చిన్న లెక్క వేసి చూతము. పిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. మనకు 20 మీటర్ల దూరములో ఉన్నదనుకొందము. పిట్ట పొడవును కటకపు నాభ్యంతరముచే గుణించి, దూరముచే భాగించిన, ప్రతిబింబపు పొడవు ఇంచుమించుగా వచ్చును. 50 మిల్లీమీటర్ల కటకముతో అది ముప్పాతిక మిల్లీమీటరు, ఆవగింజంతయైనను లేదు. 400 మిల్లీమీటర్ల టెలిఫోటో కటకముతో ఎనిమిది రెట్లు, అనగా 6 మిల్లీమీటర్లు. కెమెరాలోని ఫలకపు ఎత్తు 24 మిల్లీమీటర్లైనచో, ఇంత పెద్ద కటకముతోను పిట్ట అందులో నాల్గవ వంతే! 10 మీటర్లకు చేరిన సగము నిండును. కనుక కటకము పని కొంత, మన నేర్పు పని కొంత.

ప్రతిబింబముతో పాటు చేతి వణుకు కూడ ఎనిమిది రెట్లగును. అందుచే కూర్చున్న పిట్టకు సెకనులో 500వ వంతు, ఎగురు పిట్టకు 2000వ వంతు కాలమే షట్టరు తెరచుట మేలు. 10 మీటర్ల దూరములో స్పష్టముగా కనబడు మేర లోతున జానెడుకు మించదు. కావున పిట్ట కంటిపైననే ఫోకసు నిలుపవలెను. మధ్యాహ్నము వేడి నేలపై గాలి కదలాడి చిత్రమును చెరచును. ఉదయపు వెలుగు శ్రేష్ఠము.

ఇక దగ్గరకు చేరుట. మనము సమీపించుచుండగా పిట్ట మొదట మేత మాని తల ఎత్తును. ఇంకను నడచిన ఎగిరిపోవును. మొదటి గుర్తు కనబడగనే ఆగవలెను. పాలపిట్ట నేలపై పురుగును పట్టుకొని తరచు అదే స్థానమునకు తిరిగి వచ్చును. సూర్యుడు మన వీపు వైపు ఉండునట్లు కూర్చుండి వేచియున్న, అదియే వచ్చును. తరుముటకంటె వేచుట లాభము.

గూటి వద్ద ఈ నియమము మరింత ముఖ్యము. తీతువు బీటి నేలపైననే సాధారణముగా నాలుగు గుడ్లు పెట్టును. అవి మట్టిరంగులో కలిసిపోవును. ఎండ మండునపుడు తల్లిదండ్రులు రొమ్ము ఈకలను నీటిలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరచును. ఫొటో కొరకు మనము అచ్చటనే నిలిచితిమా, అవి అరచుచు చుట్టు తిరుగునే కాని గుడ్లపై కూర్చుండవు. గుడ్లు ఎండకు మాడును. లేదా కాకి కంటబడును. మన కొక చిత్రము దక్కును, వాటి కొక కాన్పు పోవును. అరుపు వినబడిన వెంటనే వెనుకకు మరలవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము గూళ్లను, గుడ్లను చెరచుటను కూడ వేటగానే ఎంచినది.

1931–32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించినపుడు, ఆనాటి పద్ధతి ననుసరించి నమూనాలకై పిట్టలను తుపాకితో కొట్టవలసి వచ్చెను. నేడు తేదీ, స్థలము, వేళ వ్రాసి ఉంచిన ఒక స్పష్టమైన ఫొటో అనేక సందర్భములలో సాక్ష్యముగా చాలును.

ఉపాధ్యాయులు కెమెరా లేకున్నను ఈ పాఠము ప్రారంభింపవచ్చును. బడి ఆవరణలోని కాకి, గోరువంక, కొంగ ఎన్ని అడుగుల దూరములో తల ఎత్తునో విద్యార్థులచే కొలిపించి పట్టిక వ్రాయించుడు. ఆ పట్టిక తెలిసినవాని చేతిలోనే టెలిఫోటో కటకము రాణించును.